సెస్నా కాక్‌పిట్‌లో కెమెరా: ఎక్కడ బిగించాలి, ఎక్కడ కూడదు

కోఠి గుజరాతీ గల్లీలో యాక్షన్ కెమెరా కొనడం పది నిమిషాల పని. బైకు హ్యాండిల్‌కు బిగించేది, హెల్మెట్‌కు అంటించేది, కారు అద్దానికి అతికించేది, ఇలా రకరకాల స్టాండ్లు కూడా ఆ చుట్టుపక్కలే దొరుకుతాయి. ఆ సరంజామానే బ్యాగులో వేసుకుని బేగంపేటలోనో నాదర్‌గుల్‌లోనో సెస్నా లాంటి చిన్న శిక్షణ విమానం ఎక్కితే మాత్రం లెక్క మారిపోతుంది. కారులో స్టాండు ఊడితే కాళ్ల దగ్గర పడుతుంది. పక్కకు ఆపి తీసుకుంటారు. విమానంలో పక్కకు ఆపడం అనేది లేదు, పైగా కాళ్ల దగ్గర ఉండేవి విమానం ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్ పెడల్స్.

కాక్‌పిట్ వీడియో అనగానే ఏ కెమెరా మంచిది, ఫోర్‌కేనా ఇంకా పైదా అన్న చర్చే ముందు మొదలవుతుంది. ఇవాళ మార్కెట్లో ఉన్న ఒక మోస్తరు యాక్షన్ కెమెరా ఏదైనా ఆ పనికి సరిపోతుంది. తేడా అంతా బిగింపులో ఉంది. కెమెరా పైలట్ చేతికి తగలకూడదు, కంటికి అడ్డం రాకూడదు, దిక్సూచిని కదిలించకూడదు, రేడియోలో గొడవ చేయకూడదు. ఈ నాలుగూ కుదిరాకే బొమ్మ బాగుందా లేదా అన్న ప్రశ్న.

చేతితోనే మొదలుపెడదాం. 2014 ఫిబ్రవరి 9న బ్రిటన్ వైమానిక దళానికి చెందిన వాయేజర్ విమానం 198 మందితో అఫ్ఘానిస్తాన్ వెళ్తోంది. నల్ల సముద్రం మీద ఉండగా కెప్టెన్ తన ఫొటో కెమెరాను, విమానాన్ని నడిపే చిన్న కర్ర లాంటి సైడ్‌స్టిక్‌కీ సీటు హ్యాండ్‌రెస్ట్‌కీ మధ్య సందులో పెట్టాడు. తర్వాత సీటు ముందుకు జరిపాడు. హ్యాండ్‌రెస్ట్ కెమెరాను నెట్టింది, కెమెరా సైడ్‌స్టిక్‌ను నెట్టింది. విమానం ముక్కు కిందికి వాలి 27 సెకన్లలో 4,400 అడుగులు దిగిపోయింది. బెల్టు పెట్టుకోనివాళ్లు ఎగిరి పైకప్పుకు కొట్టుకున్నారు. ఎత్తు బాగా ఉంది కాబట్టి కోలుకున్నారు. అదే రన్‌వే చుట్టూ సర్క్యూట్‌లో వెయ్యి అడుగుల మీద తిరిగే శిక్షణ విమానమైతే ఆ 4,400 అడుగులు ఎక్కడివి?

ఆ కెమెరాను అక్కడ ఎవరూ బిగించలేదు, ఊరికే పెట్టారంతే. కానీ బిగించినదానితోనూ ఇదే ప్రమాదం ఉంది. సెస్నా 152లో గానీ 172లో గానీ పైలట్ పట్టుకుని నడిపే పిడి, అంటే యోక్, కారు స్టీరింగ్‌లా తిరగడమే కాదు, ముందుకీ వెనక్కీ కదులుతుంది. ల్యాండింగ్ చివర్లో ముక్కు ఎత్తి పట్టుకునేటప్పుడు అది దాదాపు పొట్ట దాకా వస్తుంది. నేల మీద యోక్ మామూలు స్థితిలో ఉన్నప్పుడు చూసి, ‘ఇక్కడ ఖాళీ ఉంది కదా’ అని ప్యానెల్ ముందో తొడ పక్కనో స్టాండు పెడితే, సరిగ్గా నేలకు పది అడుగుల ఎత్తులో ఆ ఖాళీ అయిపోతుంది. అందుకే టేకాఫ్‌కు ముందు చేసే కంట్రోల్స్ చెక్‌ను కెమెరా పెట్టాక మళ్లీ చేయాలి. సీటు సర్దుకుని, బెల్టు బిగించుకుని, యోక్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి చూడాలి. ఫ్లాప్ మీట, ట్రిమ్ చక్రం, రెండు సీట్ల మధ్య నేల మీద ఉండే ఫ్యూయెల్ సెలెక్టర్, వీటి మీద చెయ్యి వేసినప్పుడు మోచెయ్యి స్టాండుకు తగులుతోందా అన్నదీ చూడాలి. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటే ఆయన వైపు కూడా ఇదే పరీక్ష. 152లో ఇద్దరు కూర్చుంటే భుజాలు రాసుకునేంత ఇరుకు, ఒకరి ఖాళీ ఇంకొకరి మోచేతి చోటు.

మరి ఎక్కడ పెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువగా చేరుకునే చోటు ఒకటే: రెండు సీట్ల మధ్య, తలలకు కాస్త వెనుక, పైకప్పు దగ్గర. అక్కడి నుంచి ఇద్దరి చేతులూ, ప్యానెల్ మొత్తం, ముందు అద్దంలోంచి రన్‌వే ముక్కా ఒకే ఫ్రేములో పడతాయి. ఊడిపోయినా సీట్ల వెనక్కే పడే అవకాశం ఎక్కువ. రెండో చోటు వెనక పక్క కిటికీ. పైలట్ ముఖం కావాలని డ్యాష్‌బోర్డు మీద ముందు అద్దం దగ్గర పెట్టేవాళ్లు ఉన్నారు. బొమ్మ అందంగా వస్తుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ చిన్న విమానాలు ఒకదాన్నొకటి తప్పించుకునేది ప్రధానంగా కంటితోనే. దూరంలో ఎదురొచ్చే విమానం అద్దం మీద ఈగంత చుక్క. అగ్గిపెట్టెంత కెమెరా వెనక అలాంటి చుక్కలు చాలానే దాక్కుంటాయి. తలకు గానీ హెడ్‌సెట్‌కు గానీ తగిలించేదైతే పైలట్ తల ఎటు తిప్పుతున్నాడో తెలుస్తుంది, అంతకు మించి లాభం లేదు.

ఇక సక్షన్ కప్పు. విమానం కిటికీ గాజు కాదు, అక్రిలిక్. గాజు మీద పట్టినంత నమ్మకంగా వంపు తిరిగిన అక్రిలిక్ మీద కప్పు పట్టదు. పైగా కప్పును పట్టి ఉంచేది రబ్బరు కాదు, బయటి గాలి ఒత్తిడి. ఎత్తుకు వెళ్లే కొద్దీ ఆ ఒత్తిడి తగ్గుతుంది. ఎనిమిది వేల అడుగుల దగ్గర సముద్రమట్టంలో ఉండేదాంట్లో నాలుగింట మూడు వంతులే మిగులుతుంది. కప్పు లోపల చిక్కుకున్న కాస్త గాలీ ఉబ్బుతుంది. మే నెల ఎండకు రబ్బరు మెత్తబడి ఉంటే చెప్పనే అక్కర్లేదు. బేగంపేటలో ఎంత లాగినా రాని కప్పు గాల్లో ‘టప్’మని ఊడిపోవడానికి కారణాలివే. అంటించే ముందు అద్దం తుడుద్దామని ఇంట్లో వాడే అమ్మోనియా క్లీనరో స్పిరిటో పూస్తే ఇంకో నష్టం. అక్రిలిక్ మీద జుట్టులాంటి సన్నని పగుళ్లు వస్తాయి, సూర్యుడికి ఎదురుగా దిగేటప్పుడు అవన్నీ మెరిసి కళ్లు చెదరగొడతాయి. విమానం అద్దాలకు వాడే క్లీనర్, మెత్తని గుడ్డ, లేదంటే మంచి నీళ్లు. అంతే.

కప్పు వాడినా, గొట్టానికి పట్టే క్లాంపు వాడినా, రెండో ఆధారంగా ఒక తాడు తప్పనిసరి. ఇక్కడా ఒక మెలిక ఉంది. కెమెరా ఊడి వేలాడినప్పుడు యోక్‌కో పెడల్‌కో అందేంత పొడవు తాడు ఉండకూడదు. జానెడు చాలు. 150 గ్రాముల కెమెరాయే కదా అనిపిస్తుంది. గట్టిగా ఢీకొని భూమి ఆకర్షణకు తొమ్మిది రెట్ల (9జీ) కుదుపు వస్తే ఆ 150 గ్రాములు దాదాపు 1.35 కిలోల బరువుతో ముందుకు దూసుకొస్తాయి, ముందున్నది పైలట్ తల వెనక భాగం.

దిక్సూచి సంగతి చాలామందికి తట్టదు. చిన్న విమానంలో అయస్కాంత దిక్సూచి ముందు అద్దం మధ్యలోనో ప్యానెల్ నెత్తినో ఉంటుంది. కరెంటూ పంపూ ఏదీ అక్కర్లేకుండా తనంతట తాను దిక్కు చూపే పరికరం అదొక్కటే. స్పీకరు, మోటారు ఉన్న కెమెరాల్లో అయస్కాంతాలుంటాయి. ఇప్పుడు వస్తున్న స్టాండ్లలో కొన్ని ‘టక్’మని అతుక్కునేందుకు అయస్కాంతాన్నే వాడుతున్నాయి. పరీక్ష తేలిక. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఒకరు దిక్సూచిని చూస్తూ ఉంటే, ఇంకొకరు కెమెరాను బిగించాల్సిన చోటికి మెల్లగా తేవాలి. ముందు ఆఫ్‌లో, తర్వాత రికార్డింగ్ ఆన్‌లో. దిక్సూచి ఒక్క డిగ్రీ కదిలినా ఆ చోటు పనికిరాదు. రేడియోకూ ఇలాగే. కెమెరాకు కరెంటు ఇవ్వడానికి సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చవక యూఎస్‌బీ చార్జర్లు విమానాలు మాట్లాడుకునే 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్యలో బర్రుమనే చప్పుడు చేయగలవు. కొన్ని కెమెరాలు జీపీఎస్ రిసీవర్ పక్కన పెడితే సిగ్నల్‌ను మింగేస్తాయి. బ్యాటరీతోనే నడిపి, వైఫై, బ్లూటూత్ ఆపేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఇప్పుడు బొమ్మ. సెస్నా 172 నిలకడగా ఎగిరేటప్పుడు ప్రొపెల్లర్ నిమిషానికి 2,400 చుట్ల దగ్గర తిరుగుతుందనుకుందాం. అంటే సెకనుకు 40. రెండు రెక్కలు కాబట్టి సెకనుకు 80 తోపులు, నాలుగు సిలిండర్ల ఇంజిన్ కూడా సెకనుకు 80 సార్లే పేలుతుంది. ఈ వణుకు విమానం ఒళ్లంతా పాకుతుంది. యాక్షన్ కెమెరా సెన్సర్ బొమ్మను ఒక్కసారిగా కాకుండా పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కో గీత చొప్పున చదువుతుంది. చదువుతున్న ఆ కాస్త వ్యవధిలోనే కెమెరా ఊగితే, ప్యానెల్ మొత్తం గిన్నెలో జున్ను కదిలినట్టు కదులుతుంది. దీనికి మందు పొట్టి స్టాండు. తాటి చెట్టు మొదట్లో కదలకపోయినా మొవ్వ దగ్గర ఎంత ఊగుతుందో, పొడవాటి ఆర్మ్ చివర కెమెరా కూడా అంతే. విమానం గట్టి భాగానికి దగ్గరగా, వీలైనంత పొట్టిగా బిగిస్తే కెమెరా, ప్యానెల్ కలిసి వణుకుతాయి, వీడియోలో వణుకు కనిపించదు. మధ్యలో రాణీగంజ్‌లో దొరికే రబ్బరు ముక్క పెడితే సన్నని వణుకు ఇంకా తగ్గుతుంది. అలాగని మరీ మెత్తని స్పాంజి పెడితే, మధ్యాహ్నం వేడిగాలి కుదుపులకు కెమెరా తలాడిస్తూ కూర్చుంటుంది.

ఆ ప్రొపెల్లరే ఇంకో వింత చేస్తుంది. ఎండలో కెమెరా తనంతట తాను షట్టర్ వేగం పెంచుకుంటుంది. సెకనులో 4,000వ వంతు దగ్గర ఒక ఫ్రేములో రెక్క మూడున్నర డిగ్రీలే కదులుతుంది. దాదాపు గడ్డకట్టినట్టే. కానీ సెన్సర్ గీతలు గీతలుగా చదువుతోంది కదా, కింది గీతకు వచ్చేసరికి రెక్క ఇంకోచోట ఉంటుంది. ఫలితం, తిన్నని రెక్క కొడవలిలా వంగి, ఒక్కోసారి ముక్కలై గాల్లో తేలుతూ కనిపిస్తుంది. అదే షట్టర్‌ను సెకనులో 50వ వంతుకు తగ్గిస్తే ఒక్కో రెక్క 288 డిగ్రీలు తిరిగేస్తుంది, రెండూ కలిసి కంటికి కనిపించినట్టే మసక చక్రమవుతాయి. అంత నెమ్మది షట్టర్‌కు ఎండ తట్టుకోవాలంటే లెన్సుకు నల్ల కళ్లద్దాల్లాంటి ఎన్‌డీ ఫిల్టర్ పెట్టాలి. అయితే షట్టర్ నెమ్మదిస్తే వణుకు మసకగా తేలుతుంది. అంటే ఫిల్టర్ ఫలించాలన్నా బిగింపు గట్టిగా ఉండాల్సిందే. గ్లేర్ పోతుందని పోలరైజర్ ఫిల్టర్ పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్రిలిక్‌లో ఉండే ఒత్తిడి గీతలు ఇంద్రధనుస్సు రంగుల్లో బయటపడతాయి, ఎల్‌సీడీ తెర ఉన్న ప్యానెల్ అయితే కొన్ని కోణాల్లో నల్లబడి ఏమీ కనిపించదు.

వీడియోలో కుదుపులు సరిదిద్దే స్టెబిలైజేషన్ విషయంలో మాత్రం నలుగురూ చెప్పే సలహాకు ఎదురు వెళ్లాలి. బైకు మీద అదే ప్రాణం, కాక్‌పిట్ లోపల అదే శత్రువు. కెమెరాలో కదలికను పసిగట్టే జైరో విమానం ఒరగడాన్ని చేతి వణుకనుకుని సరిదిద్దడానికి చూస్తుంది. విమానం ఎడమకు ఒరిగితే బయటి దిగంతాన్ని తిన్నగా పట్టి ఉంచి కాక్‌పిట్‌ను ఊపేస్తుంది. చూసేవాడికి ప్యానెల్, పైలట్ ఆర్టీసీ బస్సులో కునికిపాట్లు పడేవాడి తలలా తేలుతూ కనిపిస్తారు. లోపల బిగించిన కెమెరాకు స్టెబిలైజేషన్, హొరైజన్ లాక్ రెండూ ఆపేయడమే మంచిది.

వెలుతురు అసలు చిక్కు. లోపల నీడ, బయట మండే ఆకాశం. ఆటో మోడ్‌లో వదిలేస్తే కెమెరా ఒకసారి ప్యానెల్‌ను నల్లగా, ఒకసారి రన్‌వేను తెల్లగా చేస్తూ పోతుంది. శిక్షణ కోసమైతే ప్యానెల్‌కు ఎక్స్‌పోజర్ లాక్ చేయడం మేలు, సరదా కోసమైతే బయటకు. రెండూ కావాలంటే పొద్దున్నే ఎగరాలి. హైదరాబాద్ వేసవిలో శిక్షణకు తెల్లవారుజామే అనువు అనడానికి వేరే లెక్క కూడా ఉంది. బేగంపేట ఎత్తు 1,742 అడుగులు. నలభై డిగ్రీల ఎండలో అక్కడి గాలి పలచబడి, విమానానికి అది అయిదు వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టే అనిపిస్తుంది. ఇంజిన్ నీరసిస్తుంది, వేడిగాలి కుదుపులు మొదలవుతాయి. కెమెరా కూడా ఆ వేడిని భరించలేక మధ్యలో ఆగిపోతుంది. ఎండలో నిలిపిన విమానంలో కెమెరాను వదిలి టిఫిన్‌కు వెళ్లడం బ్యాటరీకి మంచిది కాదు. బ్యాటరీ కాస్త ఉబ్బినట్టు కనిపించినా అది విమానం ఎక్కకూడదు.

శబ్దానికి కెమెరా మైకును నమ్ముకుంటే ఇంజిన్ హోరు తప్ప ఏమీ రాదు. చిన్న కాక్‌పిట్‌లో అది 90 డెసిబెల్స్ దాటుతుంది. హెడ్‌సెట్ లైన్ నుంచి కెమెరాకు తీగ కలపాలంటే సిగ్నల్‌ను తగ్గించే ప్రత్యేక కేబుల్ కావాలి, నేరుగా కలిపితే మాటలు చిరిగిపోతాయి. పేదవాడి ఉపాయం ఒకటుంది. కాలర్ మైకును హెడ్‌సెట్ చెవి కప్పు లోపల దూర్చేయడం. ఇన్‌స్ట్రక్టర్ మాట, టవర్ మాట, సొంత మాట మూడూ శుభ్రంగా వస్తాయి. తీగ మాత్రం భుజం మీదుగా వెనక్కి పోవాలి, ఒడిలోకి వేలాడకూడదు.

అనుమతి సంగతి చివరికి వదిలేసేది కాదు. ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్, 1937లోని 13వ నియమం ప్రకారం ప్రభుత్వ విమానాశ్రయంలోనూ, ఎగురుతున్న విమానం నుంచీ ఫొటో తీయడానికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రాతపూర్వక అనుమతి ఉండాలి. ప్రయాణికుల విమానంలో కిటికీ పక్కన సెల్‌ఫోన్‌తో తీసుకునేవాళ్లకు దొరికే సడలింపు శిక్షణ విమానానికీ వర్తిస్తుందని ఎవరికి వారు అనుకోకూడదు. హైదరాబాద్‌లో ఇది ఉత్త కాగితం గొడవ కాదు. బేగంపేటలోనే వైమానిక దళ స్టేషన్ ఉంది, అటు హకీంపేట, ఇటు దుండిగల్ అకాడమీ, దక్షిణాన కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధనా కేంద్రాలు. వెడల్పు లెన్సు తీసేటప్పుడు ఏది చిక్కుతోందో పైలట్‌కే తెలియదు, నెట్‌లో పెట్టాక ఎవరో జూమ్ చేసి చెబుతారు. ఫ్లయింగ్ స్కూల్ ద్వారా ముందే రాతపూర్వకంగా అడగాలి, లెన్సును కాస్త కిందికి వంచి ప్యానెల్‌నే ఎక్కువగా చూపించాలి. చేత్తో తీసేయగలిగే స్టాండు ఒక సంగతి, విమానానికి రంధ్రం పెట్టి స్క్రూతో బిగించడం పూర్తిగా వేరే సంగతి. ఒక్క రంధ్రమైనా అది విమానంలో మార్పే, ఆమోదం లేకుండా చేస్తే విమానం ఎగిరే అర్హతే ప్రశ్నలో పడుతుంది. రెక్కకు బయట తగిలించాలన్న ఆలోచన ఇక్కడితోనే మానుకోవచ్చు.

ఇంత తతంగం ఎందుకు, వద్దంటే పోలా అనిపించవచ్చు. పోదు, ఎందుకంటే పనికొచ్చే చోట ఇది నిజంగా పనికొస్తుంది. ల్యాండింగ్ అయ్యాక విద్యార్థి ‘స్పీడు 65 నాట్లలోనే పట్టుకున్నా సార్’ అంటాడు. అబద్ధం కాదు, అతనికి గుర్తున్నది అదే. వీడియో ఆపి చూస్తే ముల్లు 75 మీద ఉంటుంది. పది నాట్లే కదా అనుకుంటారు గానీ, వేగం వర్గంతో శక్తి పెరుగుతుంది కాబట్టి అది మూడో వంతు అదనపు శక్తి. విమానం రన్‌వే మీద ఎందుకు తేలుతూ పోయిందో ఇన్‌స్ట్రక్టర్ ఇక వేరే చెప్పక్కర్లేదు. అదే వీడియోలో ఎడమ చెయ్యి యోక్‌ను ఎలా బిగించి పట్టిందో, కుడి చెయ్యి థ్రాటిల్ మీద ఎంత ఆలస్యంగా పడిందో కూడా కనిపిస్తుంది.

ప్రమాదం జరిగాక కూడా ఆ కన్ను విలువ వేరు. 2019 అక్టోబరులో హైదరాబాద్‌లోని ఒక శిక్షణ సంస్థ సెస్నా 172 వికారాబాద్ జిల్లాలో కూలి ఇద్దరు ట్రైనీ పైలట్లు చనిపోయారు. అంత చిన్న విమానాల్లో మామూలుగా బ్లాక్‌బాక్స్ ఉండదు. 2013 మార్చి 30న అలాస్కాలో పోలీసు హెలికాప్టర్ కూలి ముగ్గురు చనిపోయినప్పుడు, కాక్‌పిట్‌లో బిగించిన చిన్న రికార్డర్ సెకనుకు నాలుగు బొమ్మల చొప్పున తీసి ఉంచింది. చీకట్లో, మబ్బులో దారి తప్పిన పైలట్ విమాన వాలు చూపే పరికరం నాబ్‌ను లాగి దాన్ని స్తంభింపజేశాడని ఆ బొమ్మల్లోనే తెలిసింది. శకలాల్లో ఎంత వెతికినా అది దొరికేది కాదు.

అదే దేశంలో, కొలరాడోలో, 2014 మే 31న ఇంకో కథ. సెస్నా 150 రాత్రిపూట కూలి ఇద్దరూ చనిపోయారు. అంతకు ముందు ఎగిరిన సందర్భాల్లో పైలట్, ప్రయాణికులు ఫ్లాష్ వేసి సెల్ఫీలు తీసుకోవడం శకలాల్లో దొరికిన గోప్రో యాక్షన్ కెమెరాలో కనిపించింది. తక్కువ ఎత్తులో సెల్‌ఫోన్ వాడకం వల్ల ధ్యాస చెదరడం కూడా ప్రమాదానికి తోడైందని దర్యాప్తు సంస్థ తేల్చింది. అక్కడ గోప్రో ఒక మూల తన పని తాను చేసుకుపోయింది, ముప్పు తెచ్చింది చేతిలో ఉన్నది. కాక్‌పిట్ కెమెరాకు పెట్టాల్సిన నియమం దీన్నుంచే వస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే రికార్డ్ నొక్కాలి, ఇంజిన్ ఆగాకే ఆపాలి. మధ్యలో బ్యాటరీ అయిపోయినా, కార్డు నిండినా, ఫ్రేము వంకరైనా ముట్టుకోకూడదు. సెకనుకు 100 మెగాబిట్ల ఫోర్‌కే వీడియో గంటకు 45 జీబీ తింటుంది. 128 జీబీ కార్డు ఉంటే రెండున్నర గంటలు నిశ్చింత. ‘రెడ్ లైట్ వెలుగుతోందా’ అని ఒక్క చూపు చూడాలనిపించడం సహజమే, అందుకే ఆ లైటు పైలట్‌కు కనిపించని వైపు ఉంటే ఇంకా మంచిది.

దిగాక చేయాల్సిన పని ఒకటి మిగిలుంటుంది. ఆర్మ్ అక్కడే వదిలేస్తే తర్వాత ఎక్కేవాడి తలకు తగులుతుంది, అది చిన్న విషయం. పెద్దది స్క్రూ. ఎక్కించేటప్పుడు ఎన్ని తెచ్చారో దించేటప్పుడు అన్నీ లెక్క చూసుకోవాలి. సెస్నా సీటు రెండు పట్టాల మీద జారుతుంది, పట్టాల్లోని రంధ్రాల్లో పిన్ను దిగి ఆగుతుంది. ఆ పిన్ను సరిగా దిగక టేకాఫ్‌లో సీటు వెనక్కి జారి, పైలట్ చేతిలో యోక్‌తో సహా వెనక్కి పోయిన ప్రమాదాల వల్లే సీటు పట్టాలను క్రమం తప్పకుండా తనిఖీ చేయాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 1987లోనే ఆదేశం ఇచ్చింది. కెమెరా స్టాండు నుంచి జారిన వేలెడు స్క్రూకు అలాంటి ఒక రంధ్రం చాలు.